ఎండ ధర

"ఎండకు డబ్బులేంటమ్మా?"
అన్నాడు యలమందయ్య,
పెదనందిపాడు అవతల, కల్లంలో,
ఆరబోసిన మిరపకాయల మధ్య దారి చేసుకుంటూ.
నా దగ్గర పదహారు పేజీల జవాబుంది.
ఆయన దగ్గర ఆకాశముంది.

ఆ పేజీలన్నీ గుంటూరు ఆటోనగర్లో
మీరావలి షెడ్డులో కూర్చుని రాశాను.
గాజు, నల్ల రేకు, మైనం నింపిన గొట్టాలు.
పగలు మైనం కరిగి ఎండను దాచుకుంటుంది,
రాత్రి గడ్డకడుతూ తిరిగి ఇచ్చేస్తుంది.
"అప్పు తీర్చినట్టా?" అన్నాడు మీరావలి
వెల్డింగు అద్దం పైకెత్తి,
"చెప్పకుండా అప్పు తీర్చేవాణ్ణి
ఈ బజార్లో ఎవరూ నమ్మరు మేడమ్."

మొదటి పెట్టె ఉచితంగా ఇచ్చాం.
వారం తర్వాత వెళ్తే దాని అరల్లో
పిల్లల స్కూలు యూనిఫారాలు ఆరుతున్నాయి.
కోడలు కోటేశ్వరమ్మ మీద అరిచాను.
ఆ అరుపు ఖరీదు ఎంతో
అప్పటికి నాకు తెలియదు.

తొడిమలు తీసే ఆడవాళ్ళు మాత్రం
నడుమెత్తున ఉన్న అరలు తడిమి చూసి
"వంగక్కర్లేదు" అన్నారు ఒకరితో ఒకరు.
పదహారు పేజీల్లో ఎక్కడా లేదు ఆ మాట.

మూడో రోజుకే కాయ గలగలలాడింది.
రంగు చూడాలి, కుంకుమ దిగదుడుపు.
యార్డుకు వెళ్ళాం, ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ.
కమీషన్ వ్యాపారి పిడికెడు తీసి నలిపి
పక్క బస్తాకు చెప్పిన రేటే చెప్పాడు.
కాటాకు రంగు కనపడదు.
యలమందయ్య చీటీ చూసి, నన్ను చూసి,
"నీ పెట్టె నా క్వింటాలుకు
నాలుగు కేజీలు తాగేసిందమ్మా" అన్నాడు,
కోపం లేకుండా.
అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

నీళ్ళకు మిరపకాయ ధర పలుకుతుందని
ఏ కాలేజీలో చెప్పారు నాకు?

బ్యాంకులో మేనేజరు:
"ఇలాంటిది ఇంతకు ముందు ఎవరైనా కొన్నారా?"
"లేదండీ, కొత్తది."
"కొత్తదైతే ఎలాగమ్మా."

పదకొండు పెట్టెలు చేశాం. తొమ్మిది
షెడ్డు గోడకు జారబడి తుప్పు నేర్చుకున్నాయి.
మీరావలి జీతం అడగడం మానేశాడు,
నేను అతని కళ్ళలోకి చూడటం మానేశాను.

ఆషాఢం ముసురులో, ఇరుసు విరిగిన తోపుడు బండి
అతికించుకోడానికి వచ్చింది రాహేలమ్మ.
కొత్తపేట ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతుంది.
నీళ్ళకు నానిన వేళ్ళతో గాజు మీద కొట్టి
"లోపల ఎంత వేడి?" అంది.
"అరవై."
"రాత్రి పూట?"
ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న
ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఎండ రెండు గంటలే కాసింది.
తెల్లారి మొదటి విడత దుప్పట్లు
పొడిగా, వెచ్చగా వెళ్ళాయి.
ఆయా తుమ్మింది. డాక్టరు తుమ్మాడు.
మూడో వార్డు మొత్తం తుమ్మింది.
అరల్లో నిరుటి మిరపకాయ ఇంకా చావలేదు.

పెట్టె వెనక్కొచ్చేస్తుందనుకున్నాను.
రాహేలమ్మే వచ్చింది,
"కడిగి ఇవ్వు. డబ్బు నెలనెలా ఇస్తా.
ఇంకోటి కూడా కావాలి."
ఎండకు డబ్బులేంటని ఆమె అడగలేదు.
ఆమె కొన్నది ఎండను కాదు,
రేపు పొద్దున ఆరు గంటలను.

ఇంకో పెట్టె కోసం పెదనందిపాడు వెళ్ళాను,
మినీ లారీ మాట్లాడుకుని.
కల్లం ఖాళీగా ఉంది, వాన బురద.
కోటేశ్వరమ్మ నన్ను చూసి
గబగబా యూనిఫారాలు తీసేసింది,
పాత అరుపు ఇంకా చెవిలో ఉన్నట్టు.
మడతలు చంకలో పెట్టుకుని
లారీని చూసింది, పెట్టెను చూసింది.

"తీసుకుపోకపోతే," అంది,
"ఎంతవుతుంది?"