తునికాకు లెక్క

సిరొంచల పొద్దుగూకినంక
ప్రాణహిత వంతెన మీదనే సిగ్నల్.
పారిస్‌ల ఆట. కోర్టు ఎర్రగ, మన కల్లం లెక్కనే.
పేరు నోరు తిరగని పిలగాని మీద
నాలుగు వందల కట్టల పైసలు కాసిన.
అవ్వ పేరు మీద గుమాస్త దగ్గర ముందే ఎత్తినయి.
కట్టకు డెబ్బై ఆకులు.

వాడు సర్వీసుకు ముందు
బంతిని ఆరుసార్లు నేలకు కొడ్తడు,
అవ్వ కట్టను తొడకు కొట్టి దుమ్ము దులిపినట్టు.
అందుకే కాసిన. నవ్వకు బానయ్యా.

రెండో సెట్టుల మోకాలు పట్టుకున్నడు.
చెయ్యి కలిపి, సంచి సర్దుకొని పోయిండు.
నడుమల దిగిపోయినా ఓటమేనట,
యాప్‌ల చిన్నగ రాసుంది.

పొద్దుగాల కల్లంల
చిల్లుల ఆకులు ఏరి విసిరేస్తూ
అవ్వ అడిగింది: "పైసలెప్పుడిస్తడంటవ్?"

నేను కట్టలు లెక్కవెట్టుడు షురూ చేసిన,
మళ్ళ ఒకటి నుంచి.