మణికట్టు

మా మేనమామ లెవీనుస్
అరవై ఏళ్లుగా ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేదు.
గుడికి మాత్రం ఆదివారానికి రెండుసార్లు వెళ్తాడు.
నల్లకోటు, నల్లటోపీ, జేబులో పిప్పరమెంటు బిళ్లలు,
వెనకనుంచి మూడో బెంచీ, గోడవైపు.
తెల్లగుడ్డ పరిచిన రోజున
తల ఇంకాస్త వంచి కూర్చుంటాడు,
అప్పు తీర్చలేనివాడు షావుకారు వీధిలో నడిచినట్టు.

స్ఖౌవెన్ దీవిలో ఇదేం వింత కాదు.
మా ఊళ్లో మూడొందలమంది వాక్యం వింటారు,
బల్ల దగ్గరికి లేచేది పదకొండుమంది.
మిగతావాళ్లు చూస్తూ ఉంటారు,
నువ్వూ నా లెక్కలో ఉన్నావని
లోపలినుంచి ఎవరైనా చెబుతారేమోనని.
కొందరు అలా చూస్తూనే సమాధిలోకి వెళ్తారు,
అదీ మర్యాదగానే, ఎవరినీ తోసుకోకుండా.

"నమ్మకం లేదా మామయ్యా?" అన్నాను ఒకసారి,
పదిహేడేళ్ల పొగరుతో, గుడి మానేసిన కొత్తలో.
"ఆయనమీద ఉంది. నామీదే లేదు"
బంగాళాదుంపల మట్టి దులుపుతూ అన్నాడు.
"ఒకసారి పట్టుకున్న చెయ్యి వదలదంటారు పాస్టరుగారు.
చేతుల సంగతి ఆయనకేం తెలుసు?"

చేతుల సంగతి మామయ్యకు తెలుసు.
యాభైమూడులో, ఫిబ్రవరి ఇంకా తెల్లవారకముందే,
కట్ట తెగి సముద్రం వంటింట్లోకి నడిచొచ్చింది.
అందరికన్నా ముందు పిల్లి పైకెక్కింది,
కూనల్ని ఒక్కొక్కదాన్నే మెడ కరిచి పట్టుకుని
అటకమీదికి నాలుగుసార్లు.
కూనలు దేన్నీ పట్టుకోలేదు.
వాటికింకా కళ్లే తెరుచుకోలేదు.

తర్వాత అటకా చాల్లేదు. కప్పు.
పద్నాలుగేళ్ల లెవీనుస్ పొగగొట్టానికి కాళ్లు పెనవేసి
కుడిచేత్తో మా అమ్మ నెల్లాని, ఏడేళ్లది,
ఎడమచేత్తో నాలుగేళ్ల యోస్‌ని.
గాలి. మంచులాంటి నీళ్లు. దూరంగా ఆవుల అరుపులు,
కాసేపటికి అవీ లేవు.
అమ్మ వేళ్లు మొద్దుబారి ఎప్పుడో విడిపోయాయట.
ఆమె పట్టుకోవడం మానేసింది,
ఆమెను పట్టుకోవడం అతను మానలేదు.
పొద్దున పడవవాళ్లు వచ్చి ఆ పిడికిలి విప్పితే
లోపల అమ్మ మణికట్టు విరిగి ఉంది.
రెండో పిడికిట్లో
ఊలు స్వెటరు చెయ్యి ఒకటి, నీలిరంగుది.
అంతే.

దానిమీద ఏ ప్రసంగమూ నేను వినలేదు.
ఎవరి పేరు ఎప్పుడు రాశారు, ఏ సిరాతో,
మామయ్య ఎవరినీ అడగడు.
బిస్కెట్ డబ్బాలో ఆ చేతిని
కలరా ఉండలేసి దాచుకున్నాడు.

ఇప్పుడు అమ్మ హోములో ఉంది.
ముందు నా పేరు పోయింది, తర్వాత తన పేరు,
తర్వాత చిన్నప్పుడు కంఠతా పట్టిన ప్రశ్నోత్తరాలు,
యాభైరెండు ఆదివారాలవీ.
చివరికి ఆయన పేరు కూడా.
"ఆ పేరు మర్చిపోయినవాళ్లనేం చేస్తారు?"
స్నానం ఎన్నింటికని అడిగినట్టే
మామయ్య నర్సుని అడిగాడు.
సూరినామ్ నుంచి వచ్చిన పిల్ల, ఒక్క క్షణం నిలబడి
కాఫీ తెస్తానని వెళ్లింది.

అమ్మ మణికట్టు రుద్దుకుంటోంది,
వంకరగా అతికిన చోట.
"ఎవరో గట్టిగా పట్టుకున్నారు"
కిటికీకి చెప్పింది. "నొప్పి."
ఎవరో ఆమెకు తెలీదు.
మామయ్య తన బూట్లవైపు చూస్తూ ఉండిపోయాడు.

నాలుగింటికి రొట్టె వచ్చింది,
వెన్న రాసి, చాక్లెట్ పలుకులు చల్లి.
అమ్మ దాన్ని విరిచింది. ప్రార్థనేం లేదు.
సగం ఎత్తి అతని నోటి దగ్గర పెట్టింది.
"ఇది బల్ల కాదు" అన్నాడు, నాతోనో, తనతోనో.
చెయ్యి వణుకుతోంది.
పలుకులు అతని ఒళ్లో రాలుతున్నాయి.
చెయ్యి దించలేదు.

ఎనభై ఆరేళ్ల మనిషి నోరు తెరిచాడు.

తిరిగొస్తుంటే కారు కట్టమీదికి ఎక్కింది.
ఎడమవైపు సముద్రం ఇంటి కప్పులకన్నా ఎత్తుగా, ఊరికే ఉంది.
ఏదో ఒకటి మాట్లాడాలని
వాన గురించి మొదలుపెట్టాను.
మామయ్య కోటుమీద మిగిలిన ఒక్క పలుకునీ
వేలికి అంటించుకుని చాలాసేపు చూశాడు.

"యోస్‌కి ఇవంటే ప్రాణం" అన్నాడు.