పిడికెడు

మా అత్త దీవెనమ్మ పోయినప్పుడు
వ్యాసర్పాడి హౌసింగ్ బోర్డు మూడో అంతస్తులో
పంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.
కమ్మలు అప్పటికే సేటు కొట్లో ఉన్నాయి.
ముప్పై ఏళ్లు కార్పొరేషన్ చీపురు పట్టిన చేతికి
ఉంగరం ఎప్పుడూ లేదు.
పొయ్యి పక్క గూట్లో బోర్న్‌విటా డబ్బా,
అది దేవుడి బియ్యం డబ్బా.

పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి
ఎసట్లో పోసే ముందు
చేటలోంచి పిడికెడు తీసి అందులో వేసేది.
కళ్లు మూసుకునేది కాదు, పెదాలు కదిపేది కాదు.
కుళాయి వచ్చిందా అని నన్నడుగుతూనే వేసేది.
ఆదివారం గుడ్డసంచిలో పోసుకుని
బస్సు చిల్లర కూడా కానుకలో కలిపి
పెరంబూరు వంతెన దాటి తెలుగు గుడికి నడిచేది.

నేనొక దొంగని. చెప్పేస్తున్నా.
మా ఆయనకు పని పోయిన ఏడాది
రేషను బియ్యం ఇరవయ్యో తారీకుకే అయిపోతే,
చిన్నోడు కంచం బోర్లించి దరువేస్తుంటే,
ఆ డబ్బాలో చెయ్యి పెట్టాను.
ఒకసారి కాదు.
మూత చప్పుడు కాకుండా
కొంగు అడ్డం పెట్టేదాన్ని.
దేవుడికి తెలుస్తుందన్న భయం లేదు గానీ
అత్తకు తెలుస్తుందని ఉండేది.

ఆ రోజుల్లోనే ఆవిడకి రాత్రిళ్లు ఆకలి చచ్చిపోయింది.
"గ్యాసు" అనేది. "సోడా తాగితే సరిపోద్ది" అనేది.
సోడా కూడా తాగేది కాదు.

కాసిమేడు సమాధుల తోటలో
అయ్యగారు పూర్ణ హృదయం గురించి అరగంట చెప్పారు.
నేను ఎండ గురించి ఆలోచిస్తున్నాను.
మట్టి వేసి వస్తుంటే అమ్మగారు పక్కకొచ్చి
"ఇన్నేళ్లలో మీ అత్త సంచి
ఒక్క వారం తగ్గలేదమ్మా,
కొలిచేదాన్ని నేనే గదా" అంది.

సముద్రం గాలి. ఎండుచేపల వాసన. దూరంగా హార్బరు క్రేన్లు.
తగ్గలేదంట.
నేను తీసినవన్నీ
ఏ రాత్రి ఏ కంచంలోంచి లేచి ఆ డబ్బాలో పడ్డాయో
లెక్క కట్టబోయి
మధ్యలో ఆపేశాను.

ఇవాళ ఎసరు మరుగుతోంది.
చిన్నోడికి మీసాలొచ్చాయి, అరవమే చదువుతాడు,
నాయనమ్మ బైబిల్లో ఒక్క అక్షరం వాడికి రాదు.
"అమ్మా, డబ్బా మర్చిపోయావ్" అని మాత్రం
సెల్లులోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

నా పిడికిలి ఆవిడంత పెద్దది కాదు.
వేస్తుంటే నాలుగు గింజలు నేల మీద పడ్డాయి.
ఏరాను. అవి ఎవరివో తెలియక
అరచేతిలో పెట్టుకుని
కాసేపు అలాగే కూర్చున్నాను.