చూసిన కన్ను

మింది జింకు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో
నేను గాజుసామాను కడిగేదాన్ని.
మూడో నెలకి నా పని మారింది, కాగితం మీద కాదు.
విశ్వపతి గారు బ్యూరెట్ మర తిప్పుతూ
"నూకరత్నం, ఇలా రా. మారిందా?" అనేవారు.
ఎరుపు విరిగి నీలమయ్యే ఆ ఒక్క చుక్క
ఆయన కంటికి ఆనదు.
ఇంకో చుక్క పడితే లెక్క తప్పు,
లెక్క తప్పితే లారీ లోడంతా తప్పు.
"మారింది బాబూ" అనేదాన్ని.
ఆయన అంకె రాసుకునేవారు.
సంతకం ఆయనదే.

ఈ సంగతి ల్యాబ్ గోడలకీ నాకూ తప్ప
ఇంకెవరికీ తెలీదు.
పెళ్ళిచూపుల్లో ఏ రంగు చీర మెచ్చుకున్నారో
నేనెప్పుడూ అడగలేదు.

ఒక రాత్రి షిఫ్టులో తుఫాను. కరెంటు పోయింది.
బర్నర్ మంట ముందు కూర్చుని చెప్పారు:
నూట ఇరవై ఏళ్ళ కిందట జర్మనీలో
ఫ్రైబర్గ్ అనే గనుల ఊళ్ళో
ఒక ముసలి మేష్టారు
మన రాయినే, ఈ జింకు రాయినే,
కాల్చి కరిగించి వడకట్టి
అందులో ఒక ఆకుపచ్చ గీత కోసం వెతికేడట.
"ఆయనకీ నాలాగే, రంగులు పలకవు."
అందుకని తన కింద పనిచేసే చిన్నవాణ్ణి పిలిచి
నువ్వు చూడరా అన్నాడు.
చిన్నవాడు పట్టకానికి కన్నానించి
పచ్చ లేదు మేష్టారూ,
నీలిమందు రంగు గీత ఒకటుంది, అన్నాడు.
అంతకుముందు ఏ కన్నూ చూడని గీత.
కొత్త మూలకం. నీలిమందు పేరే పెట్టారు, ఇండియం అని.
"అసలా నీలిమందుకి వాళ్ళు పెట్టుకున్నదే మన దేశం పేరు.
మన తీరంలో ఓడెక్కిన సరుకు కదా."

"తరవాతేటయింది?"
తరవాత చిన్నవాడు పారిస్ వెళ్ళి
కనుక్కున్నది నేనే అన్నాడట.
ముసలాయన మనసు విరిగిందట.

నేను గొట్టం తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.
"మరి చూసింది అతనే కదా బాబూ."
మంట ఒక్కసారి ఊగింది.
"వెతికింది ఆయన" అన్నారు.
ఆ పైన చాలాసేపు వానే మాట్లాడింది.

తెల్లారగట్ల అడిగారు,
నీలిమందు రంగు ఎలా ఉంటుందో చెప్పమని.
ఏటని చెప్పను?
మా అమ్మ సింధియాలో నేవీ వాళ్ళ బట్టలు ఉతికేది.
ఆఖరి జాడింపుకి బకెట్లో చిటికెడు వేస్తే
నీళ్ళలోకి పొగలా దిగుతుంది, అది... కాదు.
వాన కమ్మే ముందు యారాడ కొండ నీడని
సముద్రం గుటక వేస్తుంది చూడండి, అదీ కాదు.
అమ్మ గోళ్ళ కింద
ఎంత తోమినా పోకుండా ఆదివారం దాకా ఉండిపోయేది.
అది బాబూ.

ఆయన తన గోళ్ళ వంక చూసుకున్నారు.

ఫ్యాక్టరీ మూతపడి చానాళ్ళయింది.
విశ్వపతి గారూ లేరు.
పాత రిజిస్టర్లు తూకానికి అమ్మేరని విని
గాజువాక కాగితాల కొట్టుకి పోయాను.
ఎందుకెళ్ళావని మా వాళ్ళు అడిగితే
ఉల్లిపాయలకని చెప్పాను.
మూడు బస్తాలు తిరగేస్తే
ఆ తుఫాను రాత్రి పేజీ దొరకలేదు.
ఇంకేదో మామూలు మంగళవారం,
ఆయన సంతకం పక్కన పెన్సిల్‌తో
సన్నగా "నూ." అని ఉంది.
ఒక అక్షరం, ఒక చుక్క.
కొన్ని పేజీల్లో ఉంది. కొన్నిట్లో లేదు.
కొట్టువాడు దుకాణం కట్టేస్తానన్నాడు.

ఫోను గాజు మీద వేలు తగిలితే
దానికి తెలిసేది ఇండియం పూత వల్లేనని
మనవరాలు చెప్పింది.
కంటికి కనిపించదట, ఎవరి కంటికీ.

రాత్రి అందరూ పడుకున్నాక
ఆరిపోయిన ఫోను మీద వేలు ఆనించి ఉంచుతాను,
గోరు కిందకి ఏమన్నా దిగుతుందేమోనని.