పట్టు తగలని పట్టు

అరచేతిలో పెట్టి కొయ్యమంటుంది సుమియే.
చెక్కపలక ఉంది కదా అంటే,
పలక మీంచి గిన్నెలోకి ఎత్తేలోగా
అది ఏడు ముక్కలవుతుందట.
"కత్తిని లాగకు. దించు.
లాగితే చెయ్యి తెగుతుంది.
దించితే టోఫు ఒక్కటే తెగుతుంది."

ముప్పై నాలుగేళ్లు తకావొకాలో ట్రామ్ నడిపినవాణ్ణి.
కత్తికీ నా అరచేతికీ మధ్య
నీళ్లలాంటి తెల్లటి ముద్ద ఒక్కటే అడ్డుండటం
ఎన్నడూ ఎరగను.

మొదటి వారం నేను వండలేదు,
చిందరవందర చేశాను.
డబ్బా బోర్లిస్తే మూల విరిగింది.
గరిటె తగిలితే నడుం విరిగింది.
ఊరికే చూసినా విరిగేదేమో, ఎవరికి తెలుసు.
కుర్చీలోంచి ఆమె నవ్వింది,
ఎడమవైపు పెదవితోనే.
వేసవిలో కుడిచెయ్యి పడిపోయింది.
నోరు మాత్రం ఆ వారంలోనే లేచి కూర్చుంది.

ఒకుమురా వాళ్ల కొట్లో పిల్ల రోజూ అడుగుతుంది:
నూలుదా, పట్టుదా?
నూలుదంటే గుడ్డ పరిచి, పైన బరువు పెట్టి, నీరు పిండినది.
దాని ఒంటి మీద నేత గుర్తులుంటాయి,
దిండు మీంచి లేచిన చెంపలాగా.
పట్టుదానికి ఏ గుడ్డా తగల్లేదు.
పోసిన చోటే పేరుకుంది,
తన నీళ్లు తనలోనే ఉంచుకుని.
పేరులో తప్ప దాంట్లో పట్టు లేదు.
ఈ సంగతి గొప్పగా ఇంటికి మోసుకొస్తే
"నలభై ఏళ్లు పట్టు కుట్టాను,
నాకా చెబుతున్నావు?" అంది.

చివరికి నాకు తోవ దొరికింది బ్రేకు దగ్గర.
నిలబడ్డ ప్రతి ముసలమ్మ సంచీలోనూ
కోడిగుడ్లున్నాయనుకుని ఆపాలనేవాడు
నాకు పని నేర్పిన పెద్దాయన.
ఆగినట్టు తెలియకుండా ఆగాలి.
అలాగే దించాను కత్తిని.
ముక్కలు అరచేతిలో ఒద్దికగా నిలబడే ఉన్నాయి,
తెగిన సంగతి వాటికింకా తెలియనట్టు.

అడుగున నాచు పట్టీ పరిచిన చన్నీళ్లలోకి
చేతిని ముంచి, కిందనుంచి మెల్లగా జార్చుకున్నాను.
చిన్న మంట. తెర్లనివ్వకూడదు.
తెర్లితే లోపలంతా చిల్లులు పడి
స్పాంజి నమిలినట్టుంటుంది.
ముక్కలు లేచి కొంచెం ఊగితే చాలు, దించెయ్యడమే.

డిసెంబరు ఎనిమిది.
కిటికీ అవతల వానలో కలిసిపోతున్న మంచు.
విరిగిన సూదుల్ని మెత్తనిదాంట్లో గుచ్చి
ఇక పడుకోండమ్మా అని చెప్పే రోజు.
ఏడాది పొడుగునా గట్టి బట్టల్లో దూరి దూరి
అలిసిపోయి ఉంటాయి కదా పాపం.
రెండు టోఫులు తెచ్చాను:
ఒకటి మాకు, ఒకటి వాటికి.

సూదుల డబ్బా ఎడమచేత్తోనే తెరిచింది.
నన్ను ముట్టనివ్వలేదు.
మొన విరిగినవి మూడు.
బెజ్జం తెగినది ఒకటి.
ఒక్కొక్కటే గుచ్చింది. చప్పుడే లేదు.
బతికినన్నాళ్లూ ఇంత తేలిగ్గా
దేంట్లోకీ దిగి ఉండవు అవి.
అడుగున ఇంకొకటి మిగిలింది,
వంకర లేనిది, నిగనిగలాడేది,
ఏ అంచులో దిగమన్నా దిగేది.
దాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది.
టోఫు దాకా తీసుకెళ్లింది.

నేను స్టవ్ వైపు తిరిగాను.
ముక్కలు ఊగుతున్నాయి.
గిన్నె దించి మళ్లీ చూసేసరికి
ఆ సూది ఆమె ఏప్రన్ మీద, మెడకు కాస్త కింద,
ఎప్పుడూ గుచ్చుకునే చోటే ఉంది.
నేనేమీ అడగలేదు.

అల్లం ఎక్కువ తురిమాను.
సోయా తక్కువ పోశాను.
రెండూ ఆమే చెప్పింది, తినకముందే, వాసన చూసి.
చెంచాలో ఆమె పెదవి దాకా తెచ్చిన ముక్క
అక్కడికొచ్చాక వణికింది.
"నీ బండిలో ఎవరూ పడలేదంటావు," అని
చెంచా లాక్కుంది ఎడమచేత్తో.
సగం బల్ల మీద పడింది.
మిగిలిన సగాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ
తనే తింది.