ఎడమ మార్జిన్

కోర్సులు గట్టెక్కాయి. అప్‌గ్రేడ్ పరీక్ష, రెండోసారికి.
ఎథిక్స్ కమిటీ మూడు కామాలు దిద్ది
సరేనంది.
ఇక మిగిలింది బ్రాడ్‌ఫర్డ్‌లో నూట ఇరవై ఇళ్ళు:
గోడకెంత చెమ్మ, పిల్లకెన్ని దగ్గులు.

ముప్ఫై ఏడో ఇంట్లో మోరీన్
సమ్మతి పత్రం చదవకుండానే సంతకం గిలికి
టీ పెట్టింది.
మంచం పక్క గోడకి నల్లటి బూజు,
పోయిన నెల అరచెయ్యంత ఉండేది.
టేపు పట్టాను.
పాప తన ఇన్‌హేలర్ని
బొమ్మ మూతికి ఆనించి
"దీన్నీ రాసుకో" అంది.

"నీకు డాక్టరేట్ వచ్చేలోపు
ఈ గోడ ఆరుతుందా, అమ్మాయ్?"
మోరీన్ గొంతులో వెటకారం లేదు.
ఉంటే బాగుండేది.

రాత్రి హాండ్‌బుక్ తిరగేశాను.
గడువులు, క్రెడిట్లు, వైవా నియమాలు,
అట్ట రంగు కూడా ఉంది.
ఎడమ మార్జిన్ నాలుగు సెంటీమీటర్లు వదలాలట.

మచ్చ ఇవాళ ఇరవై ఆరు.