పసుపు బిళ్ళ

కుతాయిసిలో ఇప్పుడు కుక్కల చెవులకి పసుపు బిళ్ళలు.
సూది వేశాం, కరవదు, కొట్టకండి అని
మునిసిపాలిటీ చెప్పదలచుకున్నదంతా
ఆ ప్లాస్టిక్ ముక్కలోనే ఉందట.
ముర చెవికి ఏమీ ఉండేది కాదు.
అప్పుడప్పుడూ గోమార్లు. నేనే తీసేదాన్ని.

పేరుకి కష్టపడలేదు.
మట్టిరంగు కుక్క మా వీధిలో
ముర కాక ఇంకేమవుతుంది.
తోక సగమే. మిగతా సగం
ఏ తలుపు సందులో పోగొట్టుకుందో
ఎంత అడిగినా చెప్పలేదు.

ఆ చలికాలం కరెంటు లేదు.
కిరసనాయిలు పొయ్యి, దాని పొగ,
తెల్లవారుజామున నాలుగింటికి రొట్టె కోసం వెళ్ళే నాన్న.
అరచేతిలో సిరాతో వరస నంబరు, నూట పన్నెండు.
మంచుకి అది చెదిరిపోతుందని
పిడికిలి విప్పకుండా నిలబడేవాడు.
అమ్మ రొట్టెని దారంతో కోసేది,
కత్తికైతే పొడి రాలిపోతుందని.
మనిషికి రెండు ముక్కలు.
నా రెండోది కోటు జేబులోకి,
జేబులోంచి మెట్ల కిందికి.
అమ్మకి తెలుసని నాకు తెలీదు.

అదే చలికాలం, కుందేలు ఒకటి.
మానన అత్త ఇచ్చింది.
కొత్త సంవత్సరం రాత్రి
ఆక్రోటు గుజ్జులో మునిగి బల్ల మీదికొచ్చింది.
తిన్నాను. ఇంకొంచెం పెట్టమన్నాను కూడా.
తెల్లారి ఖాళీ గూడు చూసి కక్కుకుంటే
అందరూ నవ్వారు.
ఆ ఏడాది ఎవరికీ ఏదీ తప్పనిపించలేదు.
కింది వాటాలో ఝుఝునా
చేప ఎత్తుకెళ్ళిన తన పిల్లి మీద వేడినీళ్ళు పోసింది.
ఆ రాత్రి తనే కొవ్వొత్తి పట్టుకుని
వీధి చివరిదాకా దాన్ని పిలుస్తూ తిరిగింది.

ఫిబ్రవరిలో బడి నించి వస్తే
మెట్ల కింద గోనె మాత్రం ఉంది.
"బోందో మామ లారీలో స్వానేతీ పంపాం," అన్నాడు నాన్న.
"అక్కడ గొర్రెలున్నాయి.
పనున్న కుక్కకి తిండికేం లోటు."
నమ్మాను.
లెక్కల పుస్తకం వెనక అట్ట మీద
కొండ గీశాను, గొర్రెలు గీశాను,
మురకి నిండు తోక గీశాను,
బాగా తింటే పెరుగుతుందని.

మొన్న ఒక చావు భోజనాల దగ్గర
బోందో నా పక్కన కూచున్నాడు.
ఎనభై దాటాయి. నాలుగో గ్లాసు.
"స్వానేతీ ఎక్కడమ్మా," అన్నాడు, "డీజిలేదీ?
త్స్కాల్తుబో దాటాక అడవి మొదట్లో తలుపు తీశాను.
మూడోరోజుకి మీ గుమ్మంలో ఉంది.
మీ నాన్న మళ్ళీ తెచ్చాడు.
ఈసారి సామ్‌త్రేదియా అవతల.
తొమ్మిది రోజులు పట్టింది దానికి.
నువ్వు బడిలో ఉన్నావు.
మీ నాన్న రాయి తీశాడు."

ఏడ్చాడా అని అడగబోయి ఆగాను.
ఏడిస్తే మాత్రం రాయి బరువు తగ్గుతుందా.
బోందో గ్లాసు అడుగు చూస్తూ అన్నాడు,
"తగల్లేదులే. మీ నాన్న గురి ఎప్పుడూ అంతే."
నిజమో కాదో చెప్పడానికి నాన్న లేడు.
ఉన్నన్నాళ్ళూ
కుక్క ఎదురొస్తే వీధి దాటి అవతలికి పోయేవాడు.
భయమనుకున్నాం.
వెక్కిరించేవాళ్ళం.

ఇవాళ మందుల షాపు ముందు జీబ్రా గీతల దగ్గర
పసుపు బిళ్ళతో ఒకటి నిలబడింది.
కార్లు ఆగాక మాతోపాటే దాటింది.
"ఎవరిదమ్మా?" అంది బార్బలే.
"ఊరిది."
"ఊరు తిండి పెడుతుందా?"
సంచిలో రొట్టె ఇంకా వేడిగానే ఉంది.
తుంచి చాచాను.
అది ముక్క వాసన చూసింది,
నా మొహం చూసింది,
ముట్టకుండా వెళ్ళిపోయింది.
"కడుపు నిండి ఉంటుందిలే," అంది పిల్ల.
ఉంటుంది.
ఆ ముక్క ఏం చెయ్యాలో తెలీక
పిడికిట్లోనే పట్టుకుని
ఇంటిదాకా నడిచాను.